అడ్డాకు షీటు

మేనకోడల్ని ఎమ్మెస్సీలో చేర్చడానికి వెళ్లి, ఎలాగూ వచ్చాం కదా అని మా పాత హెర్బేరియం గదిలోకి, అంటే ఎండబెట్టిన మొక్కల్ని షీట్ల మీద కుట్టి దాచే గదిలోకి తొంగిచూశా. అదే నాఫ్తలీన్ వాసన. మా రోజుల్లో రెండే బీరువాలు. ఇప్పుడు గోడ పొడవునా ఉన్నాయి, షీట్లు స్కాన్ కూడా చేస్తున్నారు.

మహేంద్రగిరి ట్రిప్పులో నేను కోసిన అడ్డాకు తీగ దొరికింది! మా పర్లాకిమిడిలో విస్తళ్లు కుట్టే ఆకే. 16.5 అంగుళాల షీటులో పట్టక మడిచి కుట్టాను, ఆ మడత అలాగే ఉంది. ఆరబెట్టేటప్పుడు రోజూ పేపర్లు మార్చినా వానలకి ఒక మూల బూజు మరక. లేబుల్ మీద కోడి గెలికినట్టు నా రాతలో దాని శాస్త్రీయ నామం: బాహీనియా వాలీ. పక్కన కొత్త చీటీ: ఫనేరా వాలీ. పేరు మారినా పాత చీటీ పీకరు, పక్కన ఇంకోటి అంటిస్తారంతే.

తేదీ మాత్రం రాయలేదు నేను. ఎక్కడ, ఎప్పుడు కోశావో లేకపోతే అది ఎండుగడ్డే అని సార్ అప్పుడే తిట్టారు. తెలుగు పేరూ రాయమనేవారు. 1780ల్లో సామర్లకోటలో ఉన్న వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ దొరే మొక్కల తెలుగు పేర్లు రాసుకున్నాడు, నీకేం నొప్పి అని.

"అత్తా, ఇది నీ రాతేనా?" అని మేనకోడలు ఒకటే నవ్వు.

ట్రిప్పు ఏ నెలో అని క్లాస్‌మేట్స్ గ్రూపులో అడిగా. ఇద్దరు శ్రావణం అంటున్నారు, ఒకడు దసరా సెలవులంటున్నాడు.