బావి తెలియని పిల్లకి గిలక

మా పాప లైబ్రరీ నుంచి తెచ్చుకున్న బొమ్మల పుస్తకం వారం నుంచీ రోజూ రాత్రి నాచేతే చదివిస్తోంది. టోనీ సార్గ్ అనే బొమ్మలాటాయన కథ. పుస్తకం ఇంగ్లీషులో ఉంది, నేను తెలుగులో చెబుతాను. చిన్నప్పుడు ఆయన పొద్దున్నే లేచి కోళ్ళగూడు తెరవడానికి బద్ధకించి, మంచం దగ్గర నుంచి గూటి తలుపు దాకా గిలకల మీదుగా తాడు కట్టాడట. "గిలకంటే?" అంది. బావి మీద ఉంటుందే, అన్నాను. బావంటే? ఆ రాత్రి కథ అక్కడే ఆగింది. నూతి బొమ్మ గీసేసరికి పది దాటింది.

సార్గ్ 1880లో గ్వాటెమాలాలో పుట్టాడు. నాన్న జర్మన్, అమ్మ ఇంగ్లీషావిడ. 1915లో న్యూయార్క్ చేరాడు. "మరి ఇంట్లో ఏ భాష?" అని అడిగింది, తెలుగులో మొదలెట్టి ఇంగ్లీషులో ముగించే మా పిల్ల.

దానికి బాగా నచ్చింది బెలూన్ల పేజీ. న్యూయార్క్‌లో థాంక్స్‌గివింగ్ పండగనాడు మేసీస్ అనే పెద్ద దుకాణం జరిపే ఊరేగింపులో మొదట్లో నిజం జంతువుల్ని నడిపించేవారు, పిల్లలు జడుసుకునేవారు. 1927లో వాటి బదులు సార్గ్ పెద్ద పెద్ద బెలూన్ బొమ్మలు తెచ్చాడు. తోలుబొమ్మ కాదు, తాడుబొమ్మే, కాకపోతే తలకిందులు: బొమ్మ పైన, ఆడించేవాళ్ళు కింద.

"మన తోలుబొమ్మలాటవాళ్ళూ కింద నుంచే ఆడిస్తారు" అన్నాను, హాల్లో దీపం చుట్టూ ఉన్న హనుమంతుణ్ణి చూపించి. ధర్మవరం దగ్గర తోలుబొమ్మలు చేసే ఊరు నిమ్మలకుంట నుంచి తెచ్చుకున్న మేకతోలు షేడ్ అది. ఆరేళ్ళుగా అక్కడే ఉంది.

"ఈయన ఆడతాడా?"

ఆడడు. బొమ్మని ల్యాంపు చేసుకున్నది నేనే. కాస్త సిగ్గేసింది.

ఆదివారం అట్టపెట్టె కోసి, మోచేతి దగ్గర దారం ముడేసి, వెనక ఒక పుల్ల, చేతికి ఇంకో పుల్ల అంటించాం. తెల్ల దుప్పటి కట్టి వెనక టార్చి పెట్టాం. మొదటి ప్రదర్శనకి ఫోన్లో అమ్మమ్మ. తోలుబొమ్మలాటలో నవ్వించే జంటలో జుట్టు పోలిగాడు ఎట్లా మాట్లాడతాడో, బంగారక్క ఎట్లా తిడుతుందో ఆవిడే నేర్పింది. ఆ తిట్లలో సగం నేనూ మొదటిసారే విన్నాను.

పాప పోలిగాడు. "ఏమే బంగారక్కా, ఐయామ్ హంగ్రీ!" అన్నాడు. అమ్మమ్మ పడీ పడీ నవ్వింది. బంగారక్కనైన నాకు తిట్టు గుర్తురాలేదు, అవతల నుంచి ఆవిడే అందించింది.