దగ్గు వస్తే చెయ్యి అక్కడికే

మా నాన్నకి చుట్ట అలవాటు. తెల్లారగట్ల అరుగు మీద కూర్చుని దగ్గడం మొదలుపెడితే వీధి చివరి దాకా వినపడేది. దగ్గు తెర వచ్చినప్పుడల్లా ఆయన కుడి చెయ్యి పంచె మీంచి గజ్జల్లోకి పోయి అక్కడ గట్టిగా అదిమి పట్టుకునేది. పెద్దవాళ్లు అలాగే దగ్గుతారు కాబోలనుకునేవాణ్ని చిన్నప్పుడు.

నాకు 49 ఏళ్లప్పుడు ఒకరోజు కొట్లో ఎండు మిరపకాయల ఘాటుకి దగ్గొచ్చింది. నా చెయ్యి కూడా అక్కడికే పోయింది.

మాది తెనాలిలో కిరాణా కొట్టు. బియ్యం బస్తాలు దించుకోవడం, వరస పేర్చడం, ఆటోలో వేయడం ఇరవై ఏళ్లుగా నా పనే. ఇదివరకు 25 కిలోల బస్తా వచ్చేది. 2022లో పాతిక కిలోల వరకు ప్యాక్ చేసిన బియ్యానికి జీఎస్టీ వేశారు. వెంటనే మిల్లుల వాళ్లు 26 కిలోలు నింపడం మొదలుపెట్టారు. పన్ను ఎవరికి తప్పిందో గానీ ఆ కిలో మాత్రం నా మీద పడింది.

మొదట స్నానం చేస్తుంటే కనపడింది. కుడి గజ్జల్లో ఉసిరికాయంత ఉబ్బు. నిలబడితే ఉంటుంది, పడుకుంటే మాయం. నొప్పి లేదు, సాయంత్రానికి ఏదో బరువు కట్టి లాగుతున్నట్టు ఉండేది, అంతే. దీన్ని మావైపు గిలక అంటారు, డాక్టర్లు హెర్నియా అంటారు. బుడ్డ వేరు, అది బీజం చుట్టూ నీరు చేరడం. గిలక అంటే కడుపు గోడలో ఒకచోట సందు పడి, లోపలి కొవ్వో పేగో తోసుకురావడం. ఊళ్లో జనం మాత్రం రెంటినీ కలిపేసి నవ్వుకుంటారు. నేనూ ఒకప్పుడు నవ్వినవాణ్నే. అందుకే ఎవరికీ చెప్పలేదు.

మూడేళ్లు దాచాను. తెనాలిలో మందుల షాపులన్నీ తెలిసినవాళ్లవే కదా, గుంటూరు పోయి బెల్టు కొనుక్కొచ్చాను. పడుకుని, ఉబ్బు లోపలికి పోయాక, దాని మీద దిండులాంటి ముక్క సరిగ్గా కూర్చునేలా బిగించుకోవాలి. మా ఆవిడ లేవకముందే ఆ తతంగం అయిపోవాలి. ఎండాకాలంలో ఆ పట్టీ కింద చర్మం చెమటకి ఒరుసుకుపోయి మంట పుట్టేది. మధ్యలో ఒకాయన కోసేది లేకుండా నలభై రోజుల్లో గిలక కరిగించేస్తానని పొడి పొట్లాలు ఇచ్చాడు. కరిగింది నా డబ్బే.

ఆ సంక్రాంతికి ముందు లోడు దిగింది. కుర్రాడు రాలేదు. అరవై బస్తాలు నేనే దించాను. రాత్రి పదింటికి చూసుకుంటే ఉబ్బు నిమ్మకాయంత అయింది, రాయిలా గట్టిగా ఉంది, పడుకున్నా లోపలికి పోవడం లేదు. నొప్పి మెలిపెడుతోంది. పళ్లు బిగబట్టి మంచం మీద అటూ ఇటూ దొర్లుతుంటే మా ఆవిడ లైటు వేసింది. ఇక దాచేదేముంది! కాళ్లు దిండ్ల మీద ఎత్తి పెట్టుకుని పడుకున్నాను. గంటన్నరకి బుడుక్కుమని శబ్దం వచ్చి అదే లోపలికి పోయింది.

ఆవిడ తిట్టలేదు. "ఆ బెల్టు నేను ఎప్పుడో చూశానండీ. మీరే చెబుతారని ఊరుకున్నా" అంది. తిట్టినా బాగుండేది.

మర్నాడు సర్జన్ దగ్గరికి వెళ్లాం. ఆయన స్కాన్ రాయలేదు. నిలబెట్టి, గజ్జల్లో వేలు పెట్టి "దగ్గండి" అన్నారు. రెండో వైపు కూడా పెట్టి "ఇంకోసారి" అన్నారు. ఎడమ వైపు కూడా మొదలైందట, చిన్నది, నాకు తెలియనే లేదు. తరవాత ప్రశ్నలు: మూత్రానికి ముక్కాల్సి వస్తుందా, దగ్గు ఉందా, మలబద్ధకం ఉందా, సిగరెట్టు కాలుస్తారా. లోపలి ఒత్తిడి తగ్గించకుండా గోడకి మాటు వేస్తే ఏం లాభం అని ఆయన లెక్క.

రాత్రి సంగతి చెప్పగానే ముఖం మారింది. ఉబ్బు గట్టిపడి, నొప్పెట్టి, లోపలికి పోకపోతే గంటన్నర ఇంట్లో పడుకోకూడదట. దానికి తోడు వాంతులైనా, గ్యాస్ పోవడం ఆగినా అసలే ఆగకూడదట. ఇరుక్కున్న పేగుకి రక్తం ఆగిపోతే కుళ్లుతుంది. అప్పుడు అర్ధరాత్రి పేగు కోసి అతికించే ఆపరేషన్ అవుతుంది. "అదృష్టం కొద్దీ బయటపడ్డారు. మళ్లీ ఇలా చేయకండి" అన్నారు.

"బస్తాలు మొయ్యడం వల్లేనా డాక్టరు గారూ?" అని అడిగాను. మా ఆవిడ కూడా అదే వినాలని కూర్చుంది. బస్తాలు ముట్టనివాళ్లకీ వస్తుందన్నారు ఆయన. మగపిల్లాడు తల్లి కడుపులో ఉండగా బీజాలు కడుపులోంచి గజ్జల గుండా కిందికి దిగుతాయి. ఆ దారి మగవాళ్లకి పుట్టుకతో వచ్చిన బలహీనమైన చోటు. మగవాళ్లలో నలుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు గజ్జల హెర్నియా వస్తుందట. ఆడవాళ్లకి గజ్జల్లో తక్కువే గానీ, తొడ మొదట్లో వచ్చే రకం ఒకటుంది, అది ఇరుక్కునే ప్రమాదం ఎక్కువ కాబట్టి ఆగకూడదట. మా వదినకి సిజేరియన్ కుట్టు దగ్గర వచ్చింది ఇంకో రకం. "మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?" అన్నారు. లేదన్నాను. అన్నాక అరుగు మీది దగ్గు గుర్తొచ్చింది.

మందులతో తగ్గదు, సందు దానంతట అది పూడుకోదు. ఏ ఇబ్బందీ లేని మగవాళ్లు కొన్నాళ్లు కనిపెట్టుకుని ఉండొచ్చు, అదేం తప్పు కాదట, కాకపోతే వాళ్లలో ఎక్కువమంది ఏళ్లు గడిచాక నొప్పితో ఆపరేషన్‌కే వస్తారట. నా కథ ఆ దశ దాటింది.

ఆపరేషన్ సంగతి ఆయన సైకిల్ టైరుతో చెప్పారు. టైరు కోసుకుపోతే ట్యూబు బుడగలా బయటికి పొంగుతుంది కదా. పూర్వం ఆ కోతని దారంతో కుట్టేవాళ్లు. ఇటలీ డాక్టరు బస్సీని 1880లలో ఆ కుట్టే పద్ధతిని ఒక దారికి తెచ్చాడు, వందేళ్లు అదే నడిచింది. కానీ బలవంతంగా లాగి కుట్టిన చోట కుట్లు కండని కోస్తాయి, మళ్లీ జారుతుంది. 1980లలో లాస్ ఏంజెలెస్‌లో లిక్టెన్‌స్టీన్ అనే సర్జన్, లాగడం మానేసి సందు మీద మెష్ అనే వల ముక్క పరిచి కుట్టాడు. దాని పేరు టెన్షన్ ఫ్రీ రిపేర్. "అయితే నాకదే చెయ్యండి, నాకసలే టెన్షన్ ఎక్కువ" అన్నాను. ఆ జోకు ఆయన చాలాసార్లే విని ఉంటారు, మర్యాదకి నవ్వారు.

అది ఓపెన్ పద్ధతి. గజ్జల్లో మూడు నాలుగు అంగుళాల కోత, వల బయటి వైపు నుంచి. లాప్రోస్కోపీలో బొడ్డు కింద మూడు బెజ్జాలు పెట్టి, కండకీ లోపలి పొరకీ మధ్య గ్యాస్‌తో చోటు చేసి, అక్కడ వల పరుస్తారు. అక్కడ నాకు వెలిగింది: సైకిల్ షాపులో చిరిగిన టైరుకీ ట్యూబుకీ మధ్య పాత టైరు ముక్క పెడతారే, గేటరు! లోపలి గాలే దాన్ని గోడకి అదిమి పట్టుకుంటుంది. "సరిగ్గా అదే" అన్నారు డాక్టరు గారు. ఆ రోజు నుంచి ఆయనకి నేనంటే కొంచెం గౌరవం పెరిగిందని నా నమ్మకం.

ఒక వైపే, మొదటిసారే అయితే రెండు పద్ధతులూ మంచివేనట. రెండు వైపులా ఉన్నా, ఓపెన్ చేశాక తిరగబెట్టినా లాప్రోస్కోపీ మేలు, అవే బెజ్జాల్లోంచి రెండూ చేసేయొచ్చు, నొప్పి తక్కువ, తొందరగా పనిలోకి పోవచ్చు. కానీ పూర్తి మత్తు ఇవ్వాలి. వల అసలు వద్దంటే పుణె సర్జన్ దేశార్దా చూపించిన పద్ధతి ఉంది, అక్కడి కండ పొరనే పట్టీలా తీసి సందుకి అడ్డం కుడతారు. హైదరాబాద్ నుంచి మేనల్లుడు ఫోన్ చేసి "రోబోతో చేయించుకో మామయ్యా" అన్నాడు. నా పాటి హెర్నియాకి రోబో అక్కర్లేదన్నారు డాక్టరు గారు. నేనూ బిల్లు తలుచుకుని అదే అన్నాను.

వల దేంతో చేస్తారని అడిగాను. పాలీప్రొపిలీన్. మా బియ్యం బస్తా నేసే ప్లాస్టిక్ కూడా అదే, వైద్యానికి వాడే నాణ్యత వేరనుకోండి. ఇరవై ఏళ్లు భుజాన మోసినది ఇప్పుడు కడుపులోకి వస్తోందన్నమాట.

డబ్బు దగ్గర చిన్న దెబ్బ తగిలింది. ఇన్సూరెన్స్ పాలసీ తీసుకుని 14 నెలలే అయింది. హెర్నియా, కంటి శుక్లం, వరిబీజం లాంటివాటికి రెండేళ్లు ఆగాలని లోపలి పేజీల్లో ఉంది. పాలసీ అమ్మినాయన ఆ పేజీ తిప్పి చూపించలేదు, నేనూ తిప్పలేదు. ఇంకో పది నెలలు ఆగుదామా అంటే ఆ రాత్రి గుర్తొచ్చి మా ఆవిడ గాజులు తీసి బల్ల మీద పెట్టింది. చీటీ పాడి కట్టాం, గాజులు నిలిచాయి.

ఆపరేషన్ నాకేం తెలుసు, కళ్లు మూసి తెరిచేసరికి అయిపోయింది. కష్టమంతా ఆ రాత్రి వచ్చింది. కడుపు నిండా మూత్రం ఉంది, చుక్క రావడం లేదు. కుళాయి తిప్పి నీళ్ల చప్పుడు వినిపించారు, నిలబెట్టారు, లాభం లేదు. చివరికి గొట్టం వేసి తీశారు. మత్తు వల్ల కొందరికి ఇలా అవుతుందట. లాప్రోస్కోపీకి నింపిన గ్యాస్ వల్ల కుడి భుజం సలిపింది. పొట్ట మీద ఆపరేషన్ చేస్తే భుజం నొప్పేమిటని మా ఆవిడ సిస్టర్‌తో వాదనకి దిగింది.

మర్నాడు ఇంటికి పంపేశారు. మూడో రోజు చూసుకుంటే కింద అంతా వాచి, గుత్తి వంకాయ రంగులో ఉంది. ఈ సంగతి ముందు ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ పూట నాకు చెమటలు పట్టేవి కావు. ఫోన్ చేస్తే నలిగిన రక్తం కిందికి దిగిందని, బిగువైన లోదుస్తులు వేసుకోమని చెప్పారు. రెండో వారంలో ఇంకో షాక్: కుడి వైపు ఉబ్బు మళ్లీ వచ్చింది! పరిగెత్తాం. దగ్గితే కదలడం లేదు, అంటే హెర్నియా కాదు. గిలక లోపలికి పోయాక ఖాళీ అయిన చోట నీరు చేరిందట, సూది పెట్టి తీయనక్కర్లేదు, దానంతటదే ఇంకిపోతుందన్నారు. ఆరో వారానికి పోయింది.

మొదటి రోజు నుంచే నడవమన్నారు. మెట్లు ఎక్కొచ్చు. రాత్రి ఇసబ్‌గోల్ తాగి, పొద్దున ముక్కకుండా పని కానివ్వాలి. దగ్గు వస్తే పొట్టకి దిండు ఆనించుకోవాలి. పదో రోజుకి బండి తీశాను. బస్తాలు మాత్రం ఆరు వారాలు ముట్టవద్దన్నారు. కొట్లో కూర్చుని కుర్రాడికి పనులు పురమాయించడం నాకు మోతకన్నా కష్టమైంది. నెలలు గడిచినా పోని నొప్పి పదిమందిలో ఒకరికి ఉండొచ్చని ముందే చెప్పారు. నాకు కుడి గజ్జల్లో అరచేతి మేర కొంచెం మొద్దుబారింది, అంతే.

ఊరి నుంచి నాన్న చూడటానికొచ్చారు. 79 ఏళ్లు. మంచం పక్కన కుర్చీ వేసుకుని బెజ్జాలు చూపించమన్నారు. చూశారు. దగ్గారు. చెయ్యి పోయింది.

"నాన్నా, నీకెన్నాళ్ల నుంచి?"

చాలాసేపు మాట్లాడలేదు. "నీకు పెళ్లి కాకముందు నుంచి" అన్నారు. పంచె లోపల ఇన్నేళ్లూ లంగోటా బిగించుకునే తిరిగారట. అమ్మకి కూడా చెప్పలేదట. అమ్మ పోయి ఆరేళ్లయింది.

ఆయన గుండెలో స్టెంటు ఉంది, చుట్టల పొగకి ఊపిరితిత్తులు పాడయ్యాయి. పూర్తి మత్తు వద్దన్నారు డాక్టరు గారు. ఓపెన్ పద్ధతికి ఆ చోటు వరకే తిమ్మిరెక్కించి చేయొచ్చట. రక్తం పలచబడే మాత్రల సంగతి గుండె డాక్టరుతో మాట్లాడి చూసుకున్నారు. చుట్ట నెల రోజులు మాన్పించడం మాత్రం మా ఆవిడ వల్లే అయింది. ఆపరేషన్ జరుగుతుంటే ఈయన లోపల కబుర్లు చెబుతూనే ఉన్నారట.

సాయంత్రం వార్డులో మంచం మీద కూర్చోబెట్టి కొబ్బరినీళ్లు ఇచ్చాను. వల సంగతి, బస్తా గుడ్డ సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నారు.

"ఒరేయ్, ఖాళీ బస్తా పది రూపాయలకి ఇస్తావు గదరా కొట్లో. అరచేతి ముక్కకి ఎంత తీసుకున్నారు?"

బిల్లు నా జేబులోనే ఉంది. ఇంకో కొబ్బరిబొండం తెస్తానని లేచాను.