పిన్ను పొడవును బట్టే బోర్డు: గుడ్డ చుట్టిన పిన్‌బోర్డు పని చిట్టా

మొదటి పూట: కొలతలు, సరుకు

బల్ల పైనున్న గోడకు 90 × 60 సెంటీమీటర్ల బోర్డు. రంగు, గుడ్డ తర్వాత చూసుకోవచ్చు. ముందు కొలవాల్సింది పిన్ను. మామూలు పుష్ పిన్నులో సూది భాగం సుమారు 10 మిల్లీమీటర్లు ఉంటుంది. ఆ సూది మొత్తం మెత్తటి పదార్థంలోకి దిగితేనే కాగితం నిలుస్తుంది. ప్లైవుడ్ మీద 3 మిల్లీమీటర్ల కార్క్ షీటు అతికించి గుడ్డ చుట్టేసిన బోర్డులు చూడ్డానికి బాగుంటాయి, కానీ పిన్ను కార్క్ దాటి చెక్కకు తగిలి వంగిపోతుంది. రెండు కాగితాలు కలిపి గుచ్చితే సాయంత్రానికి కింద పడి ఉంటాయి.

థర్మాకోల్ తేలిక, కోయడమూ తేలికే. అయితే ఒకసారి గుచ్చిన రంధ్రం మళ్లీ మూసుకోదు. పైగా రబ్బరు జిగురు తగిలితే అందులోని ద్రావకానికి కరిగి గుంటలు పడుతుంది. అందుకే 12 మిల్లీమీటర్ల సాఫ్ట్ బోర్డు తీసుకున్నాం. నొక్కి చేసిన చెక్కపీచు కాబట్టి పిన్ను తీసేశాక పీచు చాలావరకు తిరిగి దగ్గరవుతుంది. దీని లోపమల్లా స్టేపుల్ పిన్నుని పట్టి ఉంచలేకపోవడం. గుడ్డను లాగి నేరుగా దీనికే కొడితే కొన్నాళ్లకు పిన్నులు ఊడి వస్తాయి. కాబట్టి వెనక 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ తప్పదు.

రెండో పూట: కోత, అతుకు

సాఫ్ట్ బోర్డును రంపంతో కోస్తే అంచు పీచులు పీచులుగా లేస్తుంది. స్టీలు స్కేలు ఆనించి, కొత్త బ్లేడు వేసిన కట్టర్‌తో ఒకే గీత మీద నాలుగైదు సార్లు లాగాలి. మొదటిసారే తెగాలని బలం పెడితే బ్లేడు పక్కకు జారుతుంది, అంచు ఏటవాలుగా తెగుతుంది. కోసిన అంచులకు తెల్ల వుడ్ గ్లూ పలచగా పూసి ఆరనిచ్చి, ఉప్పుకాగితంతో తేలిగ్గా రుద్దాం. దాంతో పొడి రాలడం ఆగింది, మూలలూ గట్టిపడ్డాయి. ఈ పని వదిలేస్తే గుడ్డ లాగేటప్పుడు మూలలు నలిగి మొద్దుబారుతాయి.

ప్లైవుడ్‌ను నాలుగు వైపులా 2 మిల్లీమీటర్లు తగ్గించి 89.6 × 59.6కి కోయాలి. అది ఏమాత్రం బయటికి పొడుచుకొచ్చినా పక్క అంచులో గుడ్డ కింద గీతలా కనబడుతుంది.

రెండింటినీ అతికించడానికీ వుడ్ గ్లూయే, కానీ చాలా పలచగా. జిగురులోని తేమకు సాఫ్ట్ బోర్డు ఉబ్బి మొత్తం విల్లులా వంగే ప్రమాదం ఉంది. సమతలమైన నేల మీద పెట్టి, అంచులతో పాటు మధ్యలో కూడా బరువులు ఉంచి ఒక రాత్రంతా వదిలేశాం. పొద్దున స్కేలు నిలువుగా ఆనించి చూస్తే వంపు లేదు.

మూడో పూట: గుడ్డ

లెక్క ఇలా: మొత్తం మందం 1.8, వెనక్కి మడిచే భాగం 5 సెంటీమీటర్లు. రెండు వైపులా కలిపి 13.6 పెరుగుతుంది. అంటే కనీసం 103.6 × 73.6. చేతికి పట్టు దొరకాలి కాబట్టి 106 × 76 కోశాం. కోసే ముందే ఉతికి ఇస్త్రీ చేయాలి. గంజి పోయి, కుంచించుకుపోయాక మిగిలేదే అసలు కొలత.

ఎంచుకున్నది కాస్త దళసరి నార గుడ్డ. ముతక నేతలో పిన్ను పోగుల మధ్య నుంచి దూరిపోతుంది, తీశాక గోరుతో రుద్దితే జాడ ఉండదు. శాటిన్‌లో ప్రతి గుచ్చూ చుక్కలా మిగిలిపోతుంది. సాగే అల్లిక గుడ్డ అసలే వద్దు. గళ్ల గుడ్డ అందమే, కానీ అర సెంటీమీటరు వంకర పోయినా గది అవతలి నుంచి కనబడుతుంది.

కింద దూది పొర వేస్తే దిండులా ముచ్చటగా ఉంటుందని చాలామంది వేస్తారు. 3 మిల్లీమీటర్ల పొర వేస్తే పిన్ను పొడవులో దాదాపు మూడో వంతు అక్కడే ఖర్చయిపోతుంది. ఇక్కడ వేయలేదు. లేత రంగు గుడ్డలోంచి బోర్డు గోధుమ రంగు తొంగిచూడకుండా పలచని తెల్ల నూలు గుడ్డ మాత్రం అడుగున పరిచాం.

నాలుగో పూట: స్టేపుల్ కొట్టడం

ఎక్కువ సమయం తినేది ఇదే. గుడ్డ అంచున ఒక పోగు లాగేస్తే నేత దారి గీతలా బయటపడుతుంది. ఆ గీతను ప్లైవుడ్ అంచుకు సమాంతరంగా పెట్టుకోవాలి. పొడవు వైపు నడిమధ్యన ఒకటి, దాని ఎదురుగా ఒకటి, తర్వాత పొట్టి వైపులా అలాగే. అక్కడి నుంచి మధ్య నుంచి మూలల వైపు, ఈ పక్క రెండు, ఆ పక్క రెండు చొప్పున, 3 సెంటీమీటర్ల ఎడంతో. మూలకు 7 సెంటీమీటర్ల దూరంలో ఆపేయాలి. స్టేపుల్ కాళ్లు 6 మిల్లీమీటర్లు చాలు. గన్ దెబ్బకు పూర్తిగా దిగనివాటిని సుత్తితో తట్టాలి.

కింది అంచులో 9 పిన్నులు పీకాల్సి వచ్చింది. ఒక మూల నుంచి రెండో మూలకు వరసగా కొట్టుకుపోవడమే కారణం. ప్రతి లాగుడూ గుడ్డను కొంచెం పక్కకు నెట్టి, చివరికి పేక (అడ్డు) పోగులు ఏటవాలుగా తేలాయి. పలచని స్క్రూడ్రైవర్‌తో లేపి మళ్లీ మధ్య నుంచి మొదలుపెట్టాక సర్దుకుంది. బిగువు కూడా మితంగానే. అరచేతితో తోస్తే ముడత లేవకూడదు, అంతే. ఇంకా లాగితే స్టేపుల్ ఉన్నచోటల్లా నేత అలలుగా వంగుతుంది.

మూలల్లో అడుగు గుడ్డను ముందే కత్తిరించేయాలి, లేకపోతే ముద్దగా లేస్తుంది. మూల కొసను బోర్డు మధ్యకు లాగి ఒక పిన్ను, తర్వాత రెండు పక్కలూ దుప్పటి అంచులా మడత. మడత గీత పై, కింది అంచుల్లోకి వచ్చేలా చూస్తే పక్క నుంచి చూసేవారికి కనపడదు. ముందువైపు ఎక్కడా జిగురు వద్దు. గుడ్డలోంచి ఊరి మరకవుతుంది.

చివరి పూట: గోడకు

తయారైన బోర్డు బరువు 4 కిలోల లోపే. వెనక రెండు డి రింగులు (వేలాడదీసే D ఆకారపు కొక్కేలు), పై అంచుకు 10, పక్క అంచులకు 15 సెంటీమీటర్ల దూరంలో. స్క్రూ 12 మిల్లీమీటర్లు చాలు; మొత్తం మందం 18 మిల్లీమీటర్లే కాబట్టి అది దాటితే కొన ముందుకు పొడుచుకొస్తుంది. బల్ల ఎత్తు 75 అనుకుంటే బోర్డు కింది అంచు నేల నుంచి 95 సెంటీమీటర్లలో ఉంచాం. కూర్చున్నవారి కంటికి మధ్యభాగం దాదాపు ఎదురుగా వస్తుంది.

రింగుల వల్ల పైభాగం గోడకు కొంచెం ఎడంగా ఉంటుంది. కింది మూలల్లో అంతే మందం ఫెల్టు బిళ్లలు అతికించకపోతే పిన్ను గుచ్చిన ప్రతిసారీ బోర్డు గోడకు టకటకా కొట్టుకుంటుంది. ఆ ఎడం మరో రకంగానూ అవసరమే: చెమ్మ గోడకు ఆనితే సాఫ్ట్ బోర్డు నీరు పీల్చి ఉబ్బుతుంది.

పరీక్షకు నాలుగు కాగితాలు కలిపి ఒకే పిన్నుతో, తల కాస్త పైకి, కొన కాస్త కిందికి ఉండేలా గుచ్చాం. కదల్లేదు. మిగిలింది వెనక కనబడే గుడ్డ అంచులను కత్తిరించి టేపు వేయడం.