పక్షవాతం కాదు, నరం నొక్కుకుంది

సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో నా కుట్టుపనికి లైనింగ్ గుడ్డలు, లేసులు కొనుక్కుని రాత్రి బస్సులో రాజమండ్రి బయల్దేరాను. కుడి చెయ్యి సీటు పక్కనున్న ఇనప కడ్డీ మీంచి వేలాడేసి ఒళ్లు తెలియకుండా పడుకున్నాను. దిగేటప్పుడు సంచి ఎత్తబోతే మణికట్టు కిందికి వాలిపోయింది. తిమ్మిరేలే అనుకున్నా. ఇంటికొచ్చి కాఫీ తాగాక కూడా లేవదు. నొప్పి అసలు లేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

పక్కింటి అత్తయ్యగారు చూడగానే పక్షవాతం అనేశారు. పావురం రక్తం రాయమని ఒకరు, ఫలానా ఊళ్లో పసరు మందు ఇస్తారని ఇంకొకరు. మా వీధి ఆర్‌ఎంపీ గారు బి-12 ఇంజెక్షన్ చేసి "రేపటికి తగ్గిపోద్దమ్మా" అన్నారు. మా అబ్బాయి ఎవరి మాటా వినకుండా ఆటో ఎక్కించి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. వాడు చేసిందే కరెక్టు. నిజంగా పక్షవాతమే అయితే రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు గడువు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలే. ఎమర్జెన్సీలో ముందు మెదడుకు సీటీ స్కాన్ తీశారు. ఏమీ లేదన్నారు.

న్యూరాలజిస్టు గారు ఆ ఫిల్ము పక్కన పెట్టి చేతిని చూడ్డం మొదలుపెట్టారు. నవ్వమన్నారు, కాలు ఎత్తమన్నారు, మోచెయ్యి చాపమన్నారు. అన్నీ చేశాను. తన వేళ్లు గట్టిగా పట్టుకోమంటే మాత్రం పట్టు రాలేదు. అప్పుడాయన నా మణికట్టును పైకెత్తి నిలబెట్టి, "ఇప్పుడు పట్టుకోండమ్మా" అన్నారు. గట్టిగా వచ్చింది! పట్టు ఎక్కడికీ పోలేదు, మణికట్టును పైకి నిలిపే కండరాలే పడుకున్నాయి. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య, చేతి వెనక వైపు, గుండుసూది తాకిస్తే మొద్దుబారినట్టుంది. "కత్తెర మూయగలను సార్, తెరవలేను" అన్నాను. "అయితే రేడియల్ నరమే" అన్నారు.

ఆ నరం దండచేతిలో ఎముకను అంటుకుని వెనక నుంచి చుట్టు తిరిగి ముందుకొస్తుంది. కడ్డీ సరిగ్గా అక్కడే నొక్కింది. మోచెయ్యి చాపే కండరానికి వెళ్లే కొమ్మలు అంతకు పైనే విడిపోతాయి కాబట్టి అది బాగుంది. స్పర్శ లేని మచ్చలున్నాయేమోనని చర్మం కూడా పరీక్షించారు, కుష్ఠు వల్ల కూడా నరాలు దెబ్బతింటాయి కదా. షుగర్, థైరాయిడ్ పరీక్షలు రాశారు. బి-12 కూడా రాసేవారేమో, పొద్దున్నే ఇంజెక్షన్ పడిందని చెప్పేసరికి ఇక ఆ రిపోర్టును నమ్మలేమని కొట్టేశారు.

నరానికి షాకులిచ్చి, కండరంలో సూది గుచ్చి చూసే నరాల పరీక్ష వెంటనే చేసేయమని నేనే అడిగాను. మూడు వారాలు ఆగమన్నారు. నరం లోపలి తీగలు తెగితే ఆ గుర్తులు కండరంలో కనపడడానికి అంత టైము పడుతుంది, ఇప్పుడే చేస్తే సూది పరీక్షలో సగం సంగతే తెలుస్తుంది. ఆ మూడు వారాలూ నా ప్రాణం నా దగ్గర లేదు. నిజం చెప్పాలంటే పరీక్షకన్నా ఆ ఎదురుచూపులే కష్టం.

పరీక్ష రోజున, ఏసీ గదిలో చెయ్యి చల్లబడితే నరం నెమ్మదిగా పనిచేసినట్టు కనపడుతుందని ముందు చెయ్యి వెచ్చబరిచారు. జెల్ రాసి బిళ్లలు అంటించి షాకులు ఇచ్చారు. చెయ్యి తనంతట తాను ఎగిరిపడుతుంటే నాకే నవ్వొచ్చింది. నొక్కుకున్న చోటికి కింద షాకిస్తే వేళ్లు బాగా లేచాయి, పైన ఇస్తే కొద్దిగానే కదిలాయి. అంటే తీగ చాలావరకు తెగలేదు, పైనున్న తొడుగు దెబ్బతిని కరెంటు ఆగిపోతోంది. తర్వాత సన్న సూది కండరంలో గుచ్చారు. అది నొప్పే, కాదనను. మెషిన్ స్పీకర్‌లో అక్కడక్కడ టప్ టప్‌మని, రేకుల కప్పు మీద చినుకులు పడ్డట్టు చప్పుడు. కొన్ని తీగలు తెగాయనడానికి అదే గుర్తు. తొడుగు బాగుపడితే కొన్ని వారాల్లో చెయ్యి లేస్తుంది, తెగినవి మాత్రం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతూ రావాలి అన్నారు. దండచేతి నుంచి వేళ్ల కండరాల దాకా ఎన్ని నెలలో మీరే లెక్కేసుకోండి.

మాత్రలు రాశారు గానీ, నన్ను నిలబెట్టింది స్ప్లింట్. మణికట్టును కాస్త పైకి వంచి పట్టే కాక్-అప్ స్ప్లింట్ అది. కట్టుకున్న రోజే ముద్ద కలుపుకుని తిన్నాను. కండరాలకు మెషిన్‌తో కరెంటు ఇచ్చే స్టిమ్యులేషన్ పెట్టినా, ఫిజియో అమ్మాయి మాత్రం "మెషిన్ మీద భారం వెయ్యకండి ఆంటీ, ఎడం చేత్తో కుడి వేళ్లు రోజూ చాపుతుండండి, లేకపోతే బిగుసుకుపోతాయి" అని పోరేది. ఏమీ కదలని చేతికి వ్యాయామం ఏమిటని విసుగొచ్చేది.

ముందు తిరిగొచ్చింది మోచేతి దగ్గరి కండరం. బొటనవేలు పైకి పెట్టి మోచెయ్యి మడిస్తే ముంజేతి అంచున ఉబ్బింది. ఆ తర్వాత మణికట్టు, ఆ వెనకే వేళ్లు. చూపుడు వేలు, బొటనవేలు అన్నిటికన్నా వెనకబడ్డాయి, నరం వాటిదాకా ఆఖరున చేరుతుంది మరి. ఇప్పటికీ చూపుడు వేలు కొంచెం బద్ధకిస్తోంది. ఫాల్స్, లైనింగులు కుడుతున్నాను. పట్టు జాకెట్లు మాత్రం శ్రావణమాసానికే తీసుకుంటానని చెప్పాను. పాత కస్టమర్లు ఆగుతామన్నారు.