ముందు డిస్కులు వేశాక వెనక చక్రాల సంగతి

బరంపురం, పర్లాకిమిడి ప్రాంతాల్లో పాత అంబాసిడర్లకు ముందు చక్రాల డ్రమ్ము బ్రేకులు తీయించి డిస్కు బ్రేకులు వేయించుకునేవారు ప్రపోర్షనింగ్ వాల్వు (వెనక బ్రేకులకు చేరే ఒత్తిడిని అదుపు చేసే భాగం) గురించి మెకానిక్కును ముందే అడగడం మంచిదని నా అభిప్రాయం. డ్రమ్ము తిరుగుడే దాని లోపల ఒరుసుకునే బ్రేకు షూను మరింత గట్టిగా పట్టిస్తుంది. డిస్కుకు ఆ సాయం లేనందున బ్రేకు ఆయిల్ పైపులో ఎక్కువ ఒత్తిడి కావాలి. అదే ఒత్తిడి వెనక డ్రమ్ములకూ చేరితే, బ్రేకు వేయగానే బరువు ముందుకు వాలి తేలికపడిన వెనక చక్రాలు ముందుగా బిగుసుకుని బండి అడ్డం తిరగవచ్చు. కొరాపుట్ ఘాట్ దిగేటప్పుడు, అందునా వానలో, ఆ పరిస్థితి ఊహించుకోండి. ప్రపోర్షనింగ్ వాల్వు ఒత్తిడిని ఆపదు, ఒక హద్దు దాటాక వెనకవైపు పెరుగుదలను మాత్రం తగ్గిస్తుంది. పాత మాస్టర్ సిలిండర్‌లో (పెడల్ నొక్కితే బ్రేకు ఆయిల్‌ను తోసే భాగంలో) డ్రమ్ముల కోసం సుమారు 10 పీఎస్ఐ ఒత్తిడిని నిలిపి ఉంచే చిన్న వాల్వు ఉంటే దాన్ని ముందు చక్రాల పైపు నుంచి తీసేయాలి. లేకుంటే ప్యాడ్లు డిస్కును రాసుకుంటూ వేడెక్కుతాయి.