వేడెక్కాక మొరాయించే పాత బుల్లెట్: టాపెట్ల నుంచి కండెన్సర్ దాకా నా అనుభవం

పొద్దున్నే చోక్ వేసి కొడితే మూడో కిక్కుకి అందుకుంటుంది. పాతిక కిలోమీటర్లు తిరిగి ఎక్కడైనా పది నిమిషాలు ఆపామా, ఇక ఎంత కొట్టినా పలకదు. అరగంట చల్లారనిస్తే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది. బండి పాత బుల్లెట్ 350. కాస్ట్ ఐరన్ సిలిండరు, స్పార్కు కోసం కరెంటుని కలిపి తెంచే కాంటాక్ట్ పాయింట్లు, కుడికాలి గేర్లు. 70 మి.మీ. బోరు, 90 మి.మీ. స్ట్రోకు, 346 సీసీ.

ఈ జబ్బుకి షెడ్డులో ఎవరి చెయ్యయినా ముందు కార్బొరేటర్ మీదకే పోతుంది. నేను దాన్ని ఆఖరికి పెట్టుకున్నాను. కంప్రెషన్ (సిలిండర్లో పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి) కారిపోతున్న ఇంజిన్‌లో ఏ జెట్టు మార్చినా, ఎయిర్ స్క్రూ ఎటు తిప్పినా కాసేపు బాగైనట్టే ఉంటుంది, మర్నాటికి మళ్లీ మొదటికొస్తుంది. అందుకని ముందు కంప్రెషన్, తర్వాత స్పార్కు, ఆ తర్వాతే పెట్రోలు.

కంప్రెషన్ చూడటానికి గేజీ అక్కర్లేదు. తాళం ఆఫ్‌లో ఉంచి, కంప్రెషన్‌ని వదిలేసే డీకంప్రెసర్ లివరు ముట్టుకోకుండా, కిక్ రాడ్‌ని మెల్లగా గట్టి తగిలే దాకా నొక్కి దాని మీద బరువు వేసి నిలబడాలి. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ మనిషిని కాసేపు మోస్తుంది. ఇది మోయలేదు, నెమ్మదిగా దిగిపోయింది. చెవి పెడితే సైలెన్సర్ వైపు సన్నగా బుస్సుమన్న చప్పుడు. అంటే గాలి ఎగ్జాస్ట్ వాల్వు దగ్గర పోతోంది. కార్బొరేటర్ వైపు బుస్సుమంటే ఇన్‌లెట్ వాల్వు. ఆయిల్ మూత తీసినచోట వినిపిస్తే పిస్టన్ రింగులు, అది పెద్ద పని.

ఎగ్జాస్ట్ వాల్వు అనగానే హెడ్ విప్పే ముందు చూడాల్సినవి రెండున్నాయి. మొదటిది డీకంప్రెసర్ కేబుల్. ఈ ఇంజిన్లో ఆ లివరు లాగితే ఎగ్జాస్ట్ టాపెట్‌ని (కామ్ మీద కూర్చుని వాల్వుని తెరిచే ముక్కని) పైకెత్తి వాల్వుని కాస్త తెరిచి పెడుతుంది. కేబుల్‌లో లూజు లేకపోతే లివరు ముట్టుకోకపోయినా ఆ వాల్వు పూర్తిగా మూసుకోదు. హ్యాండిల్ ఒక పక్కకి పూర్తిగా తిప్పినప్పుడు కేబుల్ బిగుసుకోవడం కూడా మామూలే. లివరు దగ్గర రెండు మి.మీ. దాకా ఖాళీగా ఆడేట్టు పెట్టి, హ్యాండిల్ అటూ ఇటూ తిప్పి చూశాను. కొంచెం మెరుగు. పూర్తిగా పోలేదు.

రెండోది టాపెట్లు.

పని తెల్లవారుజామునే పెట్టుకోవాలి. ఇంజిన్ చల్లగా ఉండాలంటే రాత్రంతా నిలబడి ఉన్న బండి కావాలి. మే నెల విజయవాడ ఎండలో పదింటి దాకా ఆగిన బండిని చల్లటిదని ఎవరూ అనరు. టాపెట్ల కంటే ముందు హెడ్ నట్లు ఓసారి చూడాలి. వదులుగా ఉంటే ముందే బిగించుకోవాలి. తర్వాత బిగిస్తే పెట్టిన సెట్టింగ్ మారిపోతుంది.

ప్లగ్గు విప్పేశాను. బండిని సెంటర్ స్టాండ్ మీద వేసి టాప్ గేర్లో పెట్టి, వెనక చక్రాన్ని చేత్తో ముందుకు తిప్పితే పిస్టన్ కదులుతుంది. ప్లగ్గు కన్నం మీద బొటనవేలు పెడితే ఒకసారి లోపల్నుంచి గాలి తన్నుతుంది, అదే కంప్రెషన్ స్ట్రోకు. అక్కడి నుంచి కూల్‌డ్రింక్ స్ట్రా ఒకటి కన్నంలో పెట్టి అది పైకి లేవడం ఎక్కడ ఆగితే అక్కడ పిస్టన్ పైకొచ్చినట్టు. చీపురుపుల్ల మాత్రం వద్దు. విరిగి లోపల పడితే హెడ్ విప్పాల్సిందే. వేలికి గాలి తన్నకుండా పిస్టన్ పైకొస్తే అది ఎగ్జాస్ట్ స్ట్రోకు, అక్కడ టాపెట్లు సెట్ చేస్తే మొత్తం తప్పు.

సిలిండరు కుడి పక్కన ఒకే నట్టుతో బిగించిన టాపెట్ కవరు ఉంటుంది. తీస్తే టాపెట్ల కదలికని పైనున్న వాల్వులకి అందించే రెండు పుష్‌రాడ్ల కింది కొసలు కనిపిస్తాయి. ఏది ఎగ్జాస్టో అనుమానం ఉంటే డీకంప్రెసర్ లివరు లాగండి, లేచేదే ఎగ్జాస్ట్. ఒక్కోదానికి కింద అడ్జస్టరు, దాన్ని కదలకుండా పట్టే లాక్‌నట్టు. మామూలు మందం పానాలు ఆ ఇరుకులో దూరవు, సన్నవి రెండు కావాలి.

ఈ ఇంజిన్‌కి పెట్టాల్సిన గ్యాపు సున్నా. సందు కొలిచే సన్న రేకు, ఫీలర్ గేజీతో పని లేదు. పుష్‌రాడ్‌ని రెండు వేళ్లతో పట్టుకుని తిప్పితే హాయిగా తిరగాలి, పైకీ కిందకీ మాత్రం ఆడకూడదు. నా బండికి ఇన్‌లెట్ సరిగ్గా అలాగే ఉంది. ఎగ్జాస్ట్ రాడ్ వేళ్లకి తిరగనే లేదు, పట్టేసి ఉంది. కేబుల్ సరి చేసినా కంప్రెషన్ ఎందుకు నిలవలేదో అక్కడ తేలింది.

బిగువు ఎలా వచ్చిందంటే, చాలా మార్గాలు లేవు. వాల్వు కూర్చునే సీటు అరిగితే వాల్వు హెడ్‌లోకి దిగుతుంది, దాని కాడ కొస దాన్ని నొక్కే రాకర్ వైపు లేస్తుంది, ఉన్న కాస్త సందూ మాయమవుతుంది. లేదా చప్పుడు తగ్గించమని అడిగినవాళ్ల కోసం ఎవరో మెకానిక్ గట్టిగా తిప్పి ఉంటాడు. పాత బుల్లెట్ టాపెట్లు కొంచెం టకటకలాడతాయి, అది దాని గుణం. ఏ చప్పుడూ లేని టాపెట్‌ని చూస్తేనే నాకు అనుమానం. వదులుగా ఉంటే చప్పుడు, కాస్త అరుగుదల. బిగువుగా ఉంటే వాల్వు సీటు మీద పూర్తిగా ఆనదు. ఆనకపోతే దాని వేడి హెడ్‌లోకి పోయే దారి లేదు, అంచు కాలిపోతుంది.

లాక్‌నట్టు వదులు చేసి అడ్జస్టర్‌ని కొద్దికొద్దిగా తిప్పాను. రాడ్ పొట్టిగా అవుతుంటే సందు పెరుగుతుంది. వేళ్లకి రాడ్ సులువుగా తిరిగిన చోట ఆపి, అడ్జస్టర్‌ని పట్టుకుని లాక్‌నట్టు బిగించాను. అందరూ దెబ్బతినేది ఇక్కడే. బిగించేటప్పుడు అడ్జస్టరు కూడా వెంట తిరుగుతుంది, సెట్టింగ్ మళ్లీ బిగువవుతుంది. బిగించాక రాడ్ తిప్పి చూడాలి. నాకు మూడోసారికి కుదిరింది. తర్వాత చక్రాన్ని రెండు మూడు చుట్లు తిప్పి, మళ్లీ కంప్రెషన్ మీదకి తెచ్చి ఇంకోసారి చూశాను. కవరు నట్టు మీద బలం చూపించకూడదు. కవరు వంగితే కొత్త గాస్కెట్ వేసినా ఆయిల్ కారుతూనే ఉంటుంది.

ఇప్పుడు కిక్ రాడ్ మనిషిని మోసింది. పొద్దున మొదటి కిక్కుకే స్టార్టు. వేడెక్కాక ఆపితే? మళ్లీ అదే మొరాయింపు.

రెండు తప్పులు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయన్నమాట. వేడిలో చచ్చే స్పార్కుని పట్టాలంటే వేడిలోనే చూడాలి. బండిని తిప్పి తెచ్చి, మొరాయించిన వెంటనే ప్లగ్గు విప్పి, క్యాప్‌లో పెట్టి ఇంజిన్ లోహానికి ఆనించి కిక్కు కొట్టాను. ప్లగ్గుని దాని కన్నానికి దూరంగా పెట్టాలి. అందులోంచి వచ్చే పెట్రోలు ఆవిరి అంటుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు నీలంగా చిటపటలాడిన స్పార్కు ఇప్పుడు సన్నగా, పసుపుగా, రెండు కిక్కులకోసారి. పాయింట్ల మూత తీసి చూస్తే వాటి మధ్య మాత్రం పెద్ద మెరుపు. ప్లగ్గు దగ్గర ఉండాల్సిన మెరుపు పాయింట్ల దగ్గర కనబడితే కండెన్సర్ పోయినట్టే. పాయింట్లు విడిపోయే క్షణంలో కరెంటుని అది మింగాలి. అప్పుడే కాయిల్లో ప్రవాహం ఠక్కున తెగి హైవోల్టేజీ పుడుతుంది. కండెన్సర్ లోపలి ఇన్సులేషన్ వేడికి వదిలేస్తే ఆ పని జరగదు, పాయింట్ల ముఖాలు కాలి ఒకదాని మీద గుంట, రెండోదాని మీద బొడిపె వస్తాయి. ఇదే లక్షణం కాయిలు పోయినా వస్తుంది, కాకపోతే అప్పుడు పాయింట్ల దగ్గర ఇంత మెరుపు ఉండదు. చవకదీ, ముందు మార్చాల్సిందీ కండెన్సరే.

కండెన్సరూ పాయింట్లూ కలిపి మార్చాను. పాయింట్ల గ్యాపు బాగా తెరుచుకున్న చోట 0.35 నుంచి 0.40 మి.మీ. ఇక్కడ ఫీలర్ గేజీ తప్పనిసరి. కొత్త పాయింట్ల మీద ఉండే నూనె పొరని పెట్రోలు తడిపిన గుడ్డతో తుడవాలి. పాయింట్ల మడమ (కామ్‌ని తాకే ముక్క) కామ్ మీద రాసుకునే చోట గ్రీజు గోరంత చాలు, ఎక్కువైతే చిమ్మి పాయింట్ల మధ్యకే చేరుతుంది. గ్యాపు మారితే టైమింగ్ (స్పార్కు పడే క్షణం) కూడా మారుతుంది కాబట్టి గ్యాపు ముందు, టైమింగ్ తర్వాత. తిరగేసి చేస్తే రెండుసార్లు చెయ్యాలి. టైమింగ్ చూడటానికి హెడ్‌లైటు మీద కరెంటు చూపే ముల్లున్న అమ్మీటరే చాలు. తాళం ఆన్‌లో పెట్టి చక్రాన్ని మెల్లగా తిప్పితే, పాయింట్లు మూసి ఉన్నంతసేపూ ముల్లు మైనస్ వైపు, విడిపోగానే నడిమికి. ఆ కదలిక పిస్టన్ పైకొస్తూ దాదాపు 0.8 మి.మీ. మిగిలుండగా జరగాలి. ప్లగ్గు కన్నం ఏటవాలుగా ఉంటుంది, అందులో పెట్టిన పుల్ల కొలత నిక్కచ్చిగా రాదని గుర్తుంచుకోవాలి. టైమింగ్ ముందుకి పోతే కిక్ రాడ్ తిరిగి తన్నుతుంది, చెప్పులతో ఉన్న కాలికి అది మంచిది కాదు.

కిక్కు కొట్టడానికీ ఆ ముల్లే దారి. మెల్లగా నొక్కుతూ ముల్లు నడిమికొచ్చిన చోట డీకంప్రెసర్ లాగి ఇంకాస్త ముందుకి పోనిచ్చి, లివరు వదిలి, కిక్ రాడ్‌ని పైకి రానిచ్చి, ఒకే ఊపులో కిందికి. వేడి బండికి చోక్ వద్దు, రేజ్ వద్దు.

పెట్రోలు సంగతి త్వరగా తేలిపోయింది. విప్పిన ప్లగ్గు తడిగా నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువైంది, పొడిగా ఉంటే అందడం లేదు. నాది ముదురు గోధుమరంగు, సమస్య లేదు. అయినా మైక్‌కార్బ్ కార్బొరేటర్ కింది గిన్నె విప్పి పైలట్ జెట్టు గాలితో ఊది, ఎయిర్ స్క్రూ ఒకటిన్నర చుట్టు దగ్గర పెట్టాను. ఇథనాల్ 20 శాతం కలిసిన ఈ20 పెట్రోలుతో నెలల తరబడి ఊరికే నిలిపే బండికి గిన్నె ఖాళీ చేసి పెట్టడం మంచిది. కొంత దూరం పోయి దానంతటదే ఆగి, ట్యాంకు మూత తీయగానే మళ్లీ స్టార్టయ్యే బండికి మాత్రం కార్బొరేటర్ విప్పనక్కర్లేదు, మూతలోని గాలి కన్నం శుభ్రం చేస్తే చాలు.

500 కిలోమీటర్ల తర్వాత టాపెట్ కవరు మళ్లీ తీశాను. ఇన్‌లెట్ రాడ్ పెట్టినట్టే తిరుగుతోంది. ఎగ్జాస్ట్ కొంచెం బరువుగా తిరిగింది, అడ్జస్టరు ఒక పిసరు కదపాల్సి వచ్చింది. ఇంకో 500కి కూడా ఇలాగే బిగుసుకుంటే హెడ్ విప్పి సీటు చూడాల్సిందే.