ఏసీఎల్ సర్జరీ అయిన మా బావని మళ్ళీ టీమ్‌లోకి తీసుకోవాలా వద్దా - నా అనుభవం

మా సండే బాస్కెట్‌బాల్ టీమ్‌లో ఒకడున్నాడు, అందరం బావ అనే పిలుస్తాం, అసలు ఎవరికి బావో ఎవరికీ తెలీదు. పాయింట్ గార్డ్, అంటే బాల్ తెచ్చి ఆట నడిపించేవాడు. పోయినేడాది ఒక మ్యాచ్‌లో రీబౌండ్‌కి ఎగిరి కిందకి దిగుతూనే పక్కకి తిరగబోయాడు, ఎవరూ తగల్లేదు కూడా, టప్ మని సౌండ్ మాత్రం బెంచీ దాకా వినపడింది. ఎమ్మారై తీస్తే ఎడమ మోకాల్లో ఏసీఎల్, అంటే మోకాలు అటూ ఇటూ జారకుండా లోపల పట్టి ఉంచే లిగమెంట్, పూర్తిగా తెగిపోయింది అన్నారు. తొడ వెనక హ్యామ్‌స్ట్రింగ్ నుంచి ముక్క తీసి కొత్త లిగమెంట్ వేశారు. తర్వాత జాబ్ మారి బెంగళూరు వెళ్ళిపోయాడు, మేం వేరే వాళ్ళని పెట్టుకుని ఎలాగోలా ఆడుకుంటున్నాం. ఈమధ్య వర్క్ ఫ్రమ్ హోమ్ సంపాదించి మళ్ళీ హైదరాబాద్‌లో దిగాడు, దిగిన రోజే గ్రూప్‌లో మెసేజ్, డాక్టర్ ఓకే అన్నాడు, లీగ్‌కి నా పేరు రాసేయండి అని. అప్పటికి సర్జరీ అయి పది నెలలు దాటింది.

లీగ్‌కి లిస్ట్ పంపేది నేనే. ఇక చూడండి నా బాధ.

గ్రూప్ రెండు ముక్కలైంది. తీసుకుందాం అనే వాళ్ళంతా అమెరికా ఎన్‌బీఏ లీగ్ ప్లేయర్ క్లే థాంప్సన్ పేరెత్తారు. నిజమే, 2019 ఫైనల్స్‌లో ఏసీఎల్ పోయింది, అది మానుతుండగా 2020లో రెండో కాలి మడమ వెనక ఉండే అకిలీస్ నరం పోయింది, అంతా అయ్యి 2022 జనవరిలో తిరిగొచ్చి అదే ఏడాది జూన్‌లో తన టీమ్ వారియర్స్‌తో టైటిల్ కొట్టాడు. వద్దనే వాళ్ళు అదే లీగ్‌లోని డెరిక్ రోజ్ అన్నారు. 2011లో ఎంవీపీ, అంటే ఆ సీజన్ బెస్ట్ ప్లేయర్, 2012 ప్లేఆఫ్స్ మొదటి మ్యాచ్ చివర్లో వాళ్ళ టీమ్ బుల్స్ 12 పాయింట్ల లీడ్‌లో ఉండగా ఎడమ మోకాలు పోయింది, తర్వాతి సీజన్ మొత్తం కూర్చున్నాడు, తీరా వచ్చాక 2013 నవంబర్‌లో కుడి మోకాల్లో మెనిస్కస్, అంటే ఎముకల మధ్య మెత్తలాంటిది, చిరిగింది. రెండూ కరెక్టే కానీ నాకైతే రెండూ పనికిరాని ఉదాహరణలే అనిపించింది. వాళ్ళకి పొద్దున లేస్తే పక్కన ఫిజియో, జిమ్, చెక్క కోర్టు. మా వాడికి వారంలో ఐదు రోజులు కుర్చీ, రెండు రోజులు పెళ్ళిళ్ళు ఫంక్షన్లు, ఆదివారం పొద్దున మాత్రం దుమ్ము పట్టి జారే సిమెంట్ కోర్టు. క్లే సంగతి వదిలేసి బావ మోకాలి సంగతి చూద్దాం అని మ్యూట్ పెట్టేశా.

ముందు కాగితం అడిగా. డాక్టర్ ఓకే అన్నాడంటే ఏం ఓకే అన్నాడో చూడాలి కదా. చూస్తే అందులో "మెల్లమెల్లగా ఆటలు మొదలుపెట్టొచ్చు" అని మాత్రమే ఉంది. మెల్లమెల్లగా అంటే జాగింగా, షూటింగా, మీదకొచ్చేవాణ్ణి ఆపుతూ ఠక్కున దిశ మార్చి కట్ చేయడమా? మా బావ మాత్రం దాన్ని ఫైనల్ మ్యాచ్ దాకా లాగి చదువుకున్నాడు.

నెలలు లెక్కేస్తే పాస్. తొమ్మిది నెలలకి ముందు గ్రౌండ్‌లో దిగొద్దు అని ఇప్పుడు గట్టిగా చెప్తున్నారు, 2016లో వచ్చిన ఒక నార్వే స్టడీలో తొమ్మిది నెలల వరకూ ఒక్కో నెల ఆగేకొద్దీ మళ్ళీ దెబ్బ తగిలే రేటు సగానికి సగం తగ్గుతూ వచ్చింది. కానీ నెలలు గడిస్తే సరిపోదు, కాలు రెడీ అయిందో లేదో టెస్ట్ చేయాలి. ఆ టెస్టులే చేయించలేదు వాడు. ఇన్సూరెన్స్‌లో ఆపరేషన్ కవర్ అయింది గానీ ఫిజియో ఫీజు చేతి నుంచి పెట్టుకోవాల్సొచ్చింది, నాలుగో నెలకల్లా మానేసి యూట్యూబ్ చూసి ఇంట్లోనే చేసుకుంటున్నాడంట. నాకు అక్కడే డౌటొచ్చింది.

తెలిసిన ఫిజియో ఒకాయన దగ్గరికి తీసుకెళ్ళా. నేల మీద టేపు అంటించాడు, ఒంటికాలి మీద గెంతి అదే కాలి మీద దిగి కదలకుండా నిలబడాలి, చూడ్డానికి అచ్చం తొక్కుడుబిళ్ళే. బాగున్న కాలు ఎంత దూరం గెంతింది, ఆపరేషనైన కాలు ఎంత గెంతింది, రెండోది మొదటిదాంట్లో 90 శాతం దాటాలి. మా వాడు సునాయాసంగా దాటేశాడు, దాటి నా వైపు చూసి కాలర్ ఎగరేశాడు. ఫిజియో మాత్రం నవ్వలేదు. "దూరం చూడకండి సార్, దిగేటప్పుడు మోకాలు చూడండి" అని ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి చూపించాడు. కుడికాలి మీద దిగితే మోకాలు తిన్నగా పాదం పైనే ఉంది, ఎడమకాలి మీద దిగిన ప్రతిసారీ మోకాలు లోపలికి వాలిపోతోంది, నడుం ఒక పక్కకి ఒరుగుతోంది. తర్వాత మెషీన్ మీద ఒక్కో కాలికి బలం చూస్తే ఎడమ క్వాడ్స్ (తొడ ముందు కండరాలు) కుడిదాంట్లో 78 శాతమే వచ్చింది. పైగా అన్ని నెలలు ఆటకి దూరంగా ఉండేసరికి బాగున్న కాలు కూడా పాతంత బలంగా ఉండదు, దాంతో పోల్చి 90 వచ్చినా సంబరపడక్కర్లేదు అన్నాడాయన. ఈ ముక్క నాకు అస్సలు తట్టలేదు. ఇంకోటి, ఒకసారి ఏసీఎల్ పోయినోడికి మళ్ళీ పోయే ఛాన్స్ ఆ మోకాలికే కాదు, రెండో మోకాలికీ ఉంటుందంట.

ఆ సాయంత్రం అక్క, అంటే బావ వాళ్ళావిడ, ఫోన్ చేసింది. ఆడొద్దు అంటుందనుకున్నా. "ఆడనీ తమ్ముడూ, ఆడకపోతే ఇంట్లో మొహం చూడలేకపోతున్నా. కానీ ఇంకోసారి పడితే నేను మళ్ళీ నెలన్నర సెలవు పెట్టలేను, ఆఫీసులో ఊరుకోరు" అంది. గ్రూప్‌లో అన్ని మెసేజ్‌లు పడ్డాయి గానీ ఈ లెక్క ఒక్కడూ వేయలేదు.

ఇంకో గొడవ ఉంది. స్కోర్ షీట్ మీద 12 పేర్లే. బావ వస్తే ఒకడు పోవాలి. పోయేది ఎవరంటే ఉప్పల్ నుంచి బస్సెక్కి వచ్చే ఇంజినీరింగ్ పిల్లోడు, బావ వెళ్ళాక వాడి ప్లేస్‌లో వచ్చాడు, బాల్ హ్యాండ్లింగ్ అంతంత మాత్రం, కానీ డిఫెన్స్‌లో ప్రాణం పెడతాడు, ప్రాక్టీస్‌కి అందరికంటే ముందొచ్చి కోర్టు ఊడ్చేది వాడే. సీనియర్లు "పిల్లోడికి వచ్చే ఏడాది ఉందిలే" అని తేల్చేశారు. ఇది మాత్రం నాకు నచ్చలేదు, మనకి ఇష్టమైనోడు తిరిగొచ్చాడని ఏడాదంతా పనిచేసినోణ్ణి పక్కకి జరగమంటే రేపట్నుంచి ప్రాక్టీస్‌కి ఎవడొస్తాడు? ఐదారు నిమిషాలు ఆడిస్తే చాలు కదా అన్నారు కొందరు. బావ సంగతి నాకు తెలుసు, ఐదు నిమిషాలిచ్చినా మొదటి బాల్‌కే రింగ్‌లోకి డ్రైవ్ చేస్తాడు, వాడి ఆటంతా ఆ ఎడమకాలి మీద బ్రేకేసి తిరగడమే. దూరం నుంచి త్రీలు వేసేవాడైతే నేనూ ఒప్పుకునేవాణ్ణేమో.

ఓటింగ్ పెడితే మెజారిటీ బావకే పడింది. అయినా లిస్ట్‌లో పేరు రాయలేదు. ప్రాక్టీస్‌కి రా, షూటింగ్ చెయ్, హాఫ్ కోర్ట్ ఆడు, ఫుల్ కోర్ట్ గేమ్ మాత్రం వద్దు, సోమవారం పొద్దున్నే మోకాలి ఫోటో పంపు, వాపొస్తే ఆ వారం లోడ్ తగ్గిస్తాం అని చెప్పా. వాపు రూల్ ఫిజియోదే, ఆడిన మర్నాడు వాచిందంటే ముందురోజు ఎక్కువైనట్టు.

కోపం వచ్చింది, రాదా మరి. "నువ్వు డాక్టరా?" అన్నాడు, గ్రూప్ నుంచి ఎగ్జిట్ అయ్యాడు, కొన్నాళ్ళు ఫోన్ ఎత్తలేదు. సోమవారం ఫోటోలు మాత్రం టంచనుగా వచ్చేవి, పంపేది అక్క. ఒక ఫోటోలో మోకాలు, పక్కన ఇడ్లీ ప్లేటు. తర్వాత తనే మళ్ళీ ఫిజియో దగ్గర చేరాడు, మెట్ల మీద ఒంటికాలి స్క్వాట్లు చేస్తూ వీడియో పెట్టాడు, నేనేం మాట్లాడకుండా థమ్సప్ కొట్టా.

లీగ్‌కి వచ్చాడు, అసిస్టెంట్ కోచ్ అని బెంచీ మీద కూర్చోబెట్టాం. పిల్లోడికి టైమౌట్‌లో చెప్పాల్సినవన్నీ చెప్పాడు, బాగానే చెప్పాడు, వాడు స్క్రీన్ (అవతలోడికి మనోడు అడ్డంగా నిలబడటం) వాడుకోవడం నేర్చుకుంది బావ దగ్గరే. కాకపోతే మూడో మ్యాచ్‌లో రెఫరీ మీద అరిచి టెక్నికల్ ఫౌల్ తెచ్చిపెట్టాడు, బెంచీ టెక్నికల్ హెడ్ కోచ్ ఖాతాలో పడుతుంది కదా, అంటే నా పేరు పక్కన బెంచీ ఫౌల్ గుర్తుగా బి అని రాశారు, అవతలోళ్ళకి ఒక ఫ్రీ త్రో పోయింది. ఆడకుండానే పాయింట్ ఇచ్చినోడు మా బావే అయ్యుంటాడు.

మొన్న మళ్ళీ మెషీన్ మీద చూస్తే 86 వచ్చింది, దిగేటప్పుడు మోకాలు కూడా చాలావరకు తిన్నగానే ఉంటోంది. వచ్చే లీగ్ రిజిస్ట్రేషన్‌కి ఇంకా టైముంది, ఆలోపు 90 దాటి ఫుల్ కోర్ట్ ఆడిన మర్నాడు వాపు లేకపోతే పేరు రాస్తా, లేదంటే మళ్ళీ బెంచీనే, ఈసారి రెఫరీకి దూరంగా ఆ చివర్న.